హెడ్డులో గాలి దారి

ఈ రోజు మాట్లాడబోయేది ఇంజన్ హెడ్డు గురించి. అల్యూమినియం హెడ్డులో గాలి లోపలికి వచ్చే దారినీ, కాలిన పొగ బయటికి పోయే దారినీ ఇంటి దగ్గరే, చేత్తో, కొద్దికొద్దిగా చెక్కి నునుపు చేసుకునే పని గురించి. గ్యారేజీల్లో దీన్ని పోర్టింగ్ అంటారు. చివర్లో చేసే నునుపు పనిని పాలిషింగ్ అంటారు.

ఖతార్‌లో ఈ పని మీద ఇంత మోజు ఎందుకో తెలియాలంటే చలికాలంలో ఒక శుక్రవారం సాయంత్రం సీలైన్ దిబ్బల దగ్గరికి వెళ్ళి చూడాలి. టైర్లలో గాలి తగ్గించుకుని, నిస్సాన్ ప్యాట్రోళ్ళూ, టయోటా ల్యాండ్ క్రూజర్లూ వరసగా నిలబడి ఉంటాయి. ఒక్కొక్కటే దిబ్బ మొదట్లో రొద పెంచుకుని పైకి దూసుకుపోతుంది. ఇసుక చక్రాన్ని కిందికి లాగుతుంటే, సగం ఎత్తులో ఊపిరి అందని బండి అక్కడే ఆగిపోతుంది, అందినది శిఖరం దాటుతుంది. నిస్సాన్ ప్యాట్రోల్‌లో వచ్చిన 4.8 లీటర్ల టీబీ48 ఇంజనూ, పాత ల్యాండ్ క్రూజర్‌లోని 4.5 లీటర్ల 1ఎఫ్‌జడ్ ఇంజనూ గల్ఫ్ కుర్రాళ్ళకు ప్రాణం. రెండింటిలోనూ ఆరు సిలిండర్లు ఒకే వరసలో ఉంటాయి. రెండింటికీ బ్లాకు పోత ఇనుము, హెడ్డు అల్యూమినియం. సిలిండరుకు నాలుగేసి వాల్వులు, రెండు లోపలికి, రెండు బయటికి. ఆ హెడ్డును విప్పి బల్ల మీద పెట్టుకుని కూర్చునే కుర్రాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. వాళ్ళకు పని నేర్పేవాళ్ళలో, వాళ్ళ హెడ్డులకు వాల్వ్ సీట్లు కోసి పెట్టేవాళ్ళలో మన కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల వాళ్ళూ ఉన్నారు. ఈ ప్రసంగం ఆ ఇద్దరి కోసమూ.

ముందు గాలి సంగతి చూద్దాం. ఇంజన్ బలమంతా అది పీల్చే గాలి బరువులో ఉంది. పెట్రోలు ఎంతైనా పోయొచ్చు, దాన్ని కాల్చడానికి తగినంత గాలి లోపలికి రాకపోతే అది పొగగానే పోతుంది. గాలి వేడెక్కితే పలచబడుతుంది. 20 డిగ్రీల దగ్గర ఉన్న గాలితో పోలిస్తే, ఇక్కడి జూలై మధ్యాహ్నం 47 డిగ్రీల గాలి 8 శాతానికి పైగా పలచన. అంటే అదే ఇంజను, అదే రోడ్డు, అదే పెడలు. కానీ ప్రతి శ్వాసలోనూ పన్నెండో వంతు గాలి తక్కువ. వాతావరణాన్ని మనం మార్చలేం. ఆ పలచని గాలి సిలిండరులోకి వెళ్ళేటప్పుడు దారిలో తగిలే అడ్డంకులను మాత్రం తీసేయగలం. పోర్టింగ్ చేసే మేలు ఇదొక్కటే. ఇంతకంటే ఎక్కువ ఏదో చేస్తుందని ఎవరు చెప్పినా నమ్మకండి.

ఇక లోహం. నేను విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకునే రోజుల్లో నా చేతికి వచ్చిన లారీ హెడ్డులన్నీ పోత ఇనుమువే. గ్రైండరు పెడితే నిప్పురవ్వలు లేచేవి, చేయి నొప్పి పుట్టేది, అరగంట చెక్కినా పెద్దగా తేడా కనిపించేది కాదు. అల్యూమినియం అలా కాదు. గ్రైండరు మొనకు బిగించే పళ్ళ బర్ తాకిన చోట వెన్నలా దిగిపోతుంది. కొత్తవాళ్ళకు అదే సరదా, అదే ప్రమాదం. కార్ల హెడ్డులు ఎక్కువగా సిలికాన్ కలిపిన అల్యూమినియంతో పోస్తారు. బాగా వాడుకలో ఉన్న ఒక రకంలో 7 శాతం సిలికాన్, కొద్దిగా మెగ్నీషియం ఉంటాయి. సిలికాన్ వల్ల కరిగిన లోహం పల్చగా పారి అచ్చులోని సన్నని మూలలకు కూడా చేరుతుంది. పోత అయ్యాక దాన్ని సుమారు 540 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచి, నీళ్ళలో చల్లార్చి, మళ్ళీ కొద్ది వేడిలో ఉంచితే గట్టిపడుతుంది. ఇలా పోత పోయడానికి పనికొచ్చే అల్యూమినియం మన పక్కనే, మెసాయిద్‌లోని ఖతాలమ్ కర్మాగారంలో తయారవుతోంది. ఖతార్ ప్రభుత్వ ఇంధన సంస్థ, నార్వేకు చెందిన నార్స్క్ హైడ్రో చెరిసగం పెట్టుబడితో కట్టిన ఆ కర్మాగారం 2010లో ప్రారంభమైంది. ఏడాదికి 5,85,000 టన్నులు తీసేలా దాన్ని నిర్మించారు. కరెంటు కోసం సొంతంగా గ్యాసుతో నడిచే విద్యుత్ కేంద్రం కూడా ఉంది. మెసాయిద్ దాటే సీలైన్‌కు వెళ్ళాలి. లోహం తీసే కొలిమీ, అలాంటి లోహంతో చేసిన హెడ్డులను పరీక్షించే దిబ్బలూ ఒకే రోడ్డు మీద ఉన్నాయి.

హెడ్డు విప్పి, కడిగి, వాల్వులు తీసేశాక ఒక లైటు పట్టుకుని పోర్టులోకి, అంటే ఆ గాలి దారిలోకి, చూడండి. మీకు మూడు చోట్లు కనిపించాలి. మొదటిది మ్యానిఫోల్డ్ వచ్చి కలిసే మూతి. మ్యానిఫోల్డ్ రంధ్రం, గ్యాస్కెట్ రంధ్రం, హెడ్డు రంధ్రం ఒకదానితో ఒకటి సరిగ్గా కలవవు, ఒక మిల్లీమీటరు అటో ఇటో మెట్టు ఉంటుంది. రెండోది వాల్వ్ గైడు చుట్టూ ఉబ్బుగా ఉన్న దిమ్మ. మూడోది వాల్వ్ సీటుకు సరిగ్గా కింద, పోర్టు మలుపు తిరిగి గిన్నెలా వెడల్పయ్యే చోటు. ఫ్యాక్టరీలో సీటును మిషను మీద కోసినప్పుడు అక్కడ ఒక పదునైన అంచు మిగిలిపోతుంది. పోతలో వచ్చిన ఇసుక గరుకూ, అచ్చు రెండు ముక్కలు కలిసిన చోట గీతా అక్కడే ఉంటాయి. గాలికి ఎక్కువ నష్టం ఈ మూడో చోటనే. విచిత్రమేమిటంటే, కొత్తగా గ్రైండరు పట్టిన వాళ్ళందరూ మొదటి చోటనే ఎక్కువ సేపు గడుపుతారు, ఎందుకంటే అది బయటికి కనిపిస్తుంది, చేయి తేలిగ్గా అందుతుంది.

మలుపు సంగతి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. మన డెల్టాలో పంటకాలువ మలుపు తిరిగే చోట నీళ్ళు ఏం చేస్తాయో చూసే ఉంటారు. వడిగా వచ్చిన నీరు బయటి గట్టును కొట్టుకుంటూ పోతుంది, లోపలి గట్టు పక్కన సుడి తిరిగి నీరు దాదాపు నిలబడిపోతుంది. పోర్టులో గాలిదీ అదే నడత. లోపలి మలుపు పదునుగా ఉంటే గాలి ఆ గోడను వదిలేసి దూకుతుంది, వాల్వ్ చుట్టూ ఉన్న ఖాళీలో సగం చోటు ఉండీ లేనట్టే అవుతుంది. ఆ లోపలి మలుపును కిందికి తవ్వకూడదు. అంచు విరిచి, గుండ్రంగా, నిదానంగా తిరిగేలా చేయాలి. అక్కడ తీసే లోహం చెంచాలో పావు వంతు కూడా ఉండదు. లోతుగా తవ్వితే మలుపు ఇంకా పదునెక్కి, ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటికంటే అధ్వాన్నమవుతుంది. అల్యూమినియం మళ్ళీ అతికించడం వెల్డింగ్ పని, ఇంట్లో అయ్యేది కాదు.

సీటు కింద గొంతు ఎంత వెడల్పు ఉండాలనే దానికి పనివాళ్ళలో ఒక లెక్క ఉంది. వాల్వ్ తల వ్యాసంలో 85 నుంచి 90 శాతం. వాల్వ్ 36 మిల్లీమీటర్లయితే గొంతు సుమారు 31 నుంచి 32 దాకా. అంతకు మించి తెరిస్తే సీటుకు ఆసరా పోతుంది, గాలి వేగమూ తగ్గుతుంది. ఈ వేగం మాట మరిచిపోకండి. పోర్టు పెద్దదైతే గాలి ఎక్కువ వస్తుందన్నది సగం నిజమే. చిన్న ఆర్‌పీఎం దగ్గర పెద్ద పోర్టులో గాలి బద్ధకంగా కదులుతుంది, పెట్రోలుతో సరిగ్గా కలవదు, ఇంజను కింద బలం పోగొట్టుకుంటుంది. దోహా ట్రాఫిక్‌లో రోజూ నడిచే బండికి అది శిక్షే. ఏటా పది పన్నెండు సార్లు దిబ్బ ఎక్కడానికి మిగతా రోజులన్నీ గొణిగే ఇంజను ఎందుకు? అందుకే గోడలు వెడల్పు చేయకుండా, గీతలూ, మెట్లూ, అంచులూ తీసేసి ఆగిపోయే పనినే నేను ఇంటి పనిగా ఒప్పుకుంటాను.

పాలిషింగ్ విషయంలో ఇక్కడి కుర్రాళ్ళతో నాకు ఎప్పుడూ వాదనే. అద్దంలా మెరిసే ఇన్లెట్ పోర్టు ఫోటో తీయడానికి బాగుంటుంది. మ్యానిఫోల్డ్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజన్లలో, ఆ చిమ్మిన తుంపర కొంత గోడకు తగులుతుంది. గోడ కాస్త గరుకుగా ఉంటే ఆ తడి పల్చగా పరుచుకుని మళ్ళీ గాలిలో కలుస్తుంది. అద్దంలా ఉంటే చారలుగా జారి చినుకులుగా సిలిండరులోకి పడుతుంది. గాలి పారడంలో మాత్రం 80 నంబరు ఎమరీ ముగింపుకూ అద్దం మెరుపుకూ చెప్పుకోదగ్గ తేడా ఉండదు. కాబట్టి ఇన్లెట్ వైపు 80 నంబరుతో ఆపేయండి. ఎగ్జాస్ట్ వైపు, మంట గది వైపు మెరుపు పెట్టుకోవచ్చు, అక్కడ మసి తక్కువ పడుతుంది. మంట గదిలో పదునైన అంచులను మొద్దు చేయడం మాత్రం నిజంగా మేలు. ఆ అంచులు ఎర్రగా కాలి, స్పార్క్ రాకముందే పెట్రోలును అంటిస్తాయి. వేసవిలో 47 డిగ్రీల గాలి పీల్చే ఇంజనుకు ఆ ముప్పు మరీ ఎక్కువ.

హెడ్డులో ఎంత బలం దాగి ఉంటుందో చూపించిన జట్టు ఒకటి ఖతార్‌కు ఉండేది. అల్ అన్నాబీ రేసింగ్. షేక్ ఖాలిద్ బిన్ హమద్ అల్ థానీ దన్నుతో అమెరికాలో డ్రాగ్ రేసులు ఆడిన జట్టు అది. టాప్ ఫ్యూయల్ తరగతిలో 2010లో లారీ డిక్సన్, 2011లో డెల్ వర్షమ్, 2013లో షాన్ లాంగ్డన్ అమెరికా జాతీయ ఛాంపియన్లయ్యారు. జట్టును నడిపిన అలన్ జాన్సన్‌కు ఆ లోకంలో పేరు తెచ్చినది అల్యూమినియం హెడ్డులే. ఆయన సంస్థ చేసే హెడ్డులు పోత పోసినవి కావు, గట్టి అల్యూమినియం దిమ్మ నుంచి కోసి తీసినవి. పోటీ జట్లు కూడా అవే కొనుక్కునేవి. ఆ హెడ్డుల్లో నీటి దారులే ఉండవు. 8.2 లీటర్ల ఆ ఎనిమిది సిలిండర్ల ఇంజను నైట్రోమీథేన్ ఇంధనంతో నడుస్తుంది, లోపలికి దూకే ఆ ఇంధనమే హెడ్డును చల్లబరుస్తుంది. వెయ్యి అడుగుల దూరాన్ని నాలుగు సెకన్లలోపు దాటి, ప్రతి పరుగు తర్వాతా ఇంజను మొత్తం విప్పుతారు. మన హెడ్డు అలా కాదు, ఏళ్ళ తరబడి విప్పకుండా నడవాలి, నీళ్ళతో చల్లబడాలి. పోర్టు గోడకు అవతల పక్కనే ఆ నీళ్ళు ఉంటాయి. పోత పోసేటప్పుడు లోపలి అచ్చు ఒక పక్కకు జరిగితే ఒక పోర్టు గోడ మందంగా, పక్క పోర్టు గోడ పల్చగా రావచ్చు. బయటి నుంచి చూసి ఎవరూ చెప్పలేరు. లోతుగా తవ్వొద్దనడానికి ఇది రెండో కారణం.

ఎంత తీశామో, దాని వల్ల ఏం మారిందో కొలవకుండా ఈ పని చేయకండి. పెద్ద షాపుల్లో ఫ్లో బెంచ్ ఉంటుంది. హెడ్డును దాని మీద బిగించి, 28 అంగుళాల నీటి మట్టం తేడాతో, అంటే సుమారు 71 సెంటీమీటర్ల తేడాతో గాలి లాగి, వాల్వ్‌ను కొద్దికొద్దిగా తెరుస్తూ లెక్క రాసుకుంటారు. ఇంట్లో అంత సరంజామా అక్కర్లేదు. ఒక గట్టి వ్యాక్యూమ్ క్లీనరు, ఒక చెక్క పెట్టె, నీళ్ళు పోసిన యూ ఆకారపు ప్లాస్టిక్ గొట్టం ఉంటే ముందుకూ తర్వాతకూ తేడా తెలుస్తుంది. అది చెప్పే అంకె పక్కవాడి అంకెతో సరిపోదు, సరిపోనక్కర్లేదు. మీ ఆరు పోర్టుల మధ్య తేడా ఎంతో చెబితే చాలు. ఇంకో మంచి పద్ధతి ఉంది. లోహం తీసే ముందు, పిల్లలు ఆడుకునే రంగు మైనంతో మలుపు ఆకారాన్ని పోర్టులో దిద్ది గాలి లాగి చూడండి. అంకె పెరిగితే ఆ ఆకారం సరైనది. తగ్గితే మైనం తీసేస్తే సరి, లోహం చెక్కు చెదరలేదు.

మంట గదికి కూడా కొలత ఉంది. హెడ్డును తలకిందులుగా బల్ల మీద పెట్టి, వాల్వులూ ప్లగ్గూ బిగించి, గది మీద గ్రీజు రాసిన అక్రిలిక్ పలకను నొక్కి, దానికున్న చిన్న రంధ్రంలోంచి బ్యూరెట్‌తో రంగు స్పిరిట్ పోయాలి. ఎన్ని మిల్లీలీటర్లు పట్టాయో ఆరు గదులకూ రాసుకోవాలి. అన్నీ ఒకటిగా రావాలి. హెడ్డుకు ఫేసింగ్ కొట్టిస్తే, అంటే దాని ముఖాన్ని మిషను మీద చదును చేయిస్తే, గది చిన్నదై కంప్రెషన్ పెరుగుతుందని గుర్తుంచుకోండి. ఇక్కడి బంకుల్లో దొరికేది ప్రీమియం 91, సూపర్ 95. కంప్రెషన్ పెంచిన ఇంజనుకు ఎండాకాలంలో 91 పోస్తే నాకింగ్ ఖాయం.

దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక ఉస్తాద్ ఉండేవాడు. కుర్రాళ్ళు ఎంతో నమ్మకంగా తెచ్చిన హెడ్డును బల్ల మీద తిప్పి, కళ్ళు మూసుకుని చూపుడు వేలు ఒక్కొక్క పోర్టులోకి పోనిచ్చేవాడు. లైటు వేసేవాడు కాదు. నాలుగో పోర్టు దగ్గర వేలు ఆగేది. "తమ్మీ, గీంట్ల ఇంకా గీత ఉన్నది, సూడు" అనేవాడు. టార్చి వేసి చూస్తే గైడు పక్కన వెంట్రుకంత గీత ఉండేది. ఆ వేలికి విలువ కట్టే కొలత ఇక్కడి ఏ జీతపు చీటీలోనూ లేదు. అతను పని చేసే తీరు ఇంటి పనివాళ్ళకూ పాఠమే: ఒక పోర్టు పూర్తిగా ముగించి పక్కదానికి వెళ్ళేవాడు కాదు. ఆరింటిలోనూ గైడు దిమ్మలు, తర్వాత ఆరింటిలోనూ మలుపులు, తర్వాత ఆరింటిలోనూ నునుపు. అలా చేస్తేనే చేతి అలసట ఆరింటి మీదా సమానంగా పడుతుంది.

పనిముట్ల విషయానికి వస్తే, డై గ్రైండరూ, కార్బైడ్ బర్లూ కావాలి. ఇనుముకు వాడే దగ్గర పళ్ళ బర్ కొనకండి. అల్యూమినియం ఆ పళ్ళ మధ్య ఇరుక్కుని ముద్ద కడుతుంది, ఆ ముద్ద లోహాన్ని చింపేస్తుంది. వెడల్పాటి పళ్ళున్నది అడగండి, కొద్దిగా కిరోసిన్ లేదా మైనం రాస్తూ ఉండండి. సీటుకు దెబ్బ తగలకుండా పాత వాల్వ్ ఒకటి పెట్టి ఉంచండి. బర్ ఒక్కసారి జారితే సీటు మీద పడే గీత మీ నెల పనిని తినేస్తుంది. సీటు కోత మాత్రం ఇంట్లో చేయొద్దు. 30, 45, 60 డిగ్రీల మూడు కోణాలు గైడుకు సరిగ్గా మధ్యలో రావాలి, అది మెషిన్ షాపు పని.

ఇక దుమ్ము. నేను ఈ ప్రసంగం ఒప్పుకున్నదే ఈ మాట చెప్పడానికి. ఎమరీతో రుద్దినప్పుడు లేచే అల్యూమినియం పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, గాలిలో మబ్బులా లేస్తే పేలుతుంది. ఎఫ్ఎఫ్‌పీ2 మాస్కు, కళ్ళద్దాలు లేకుండా గ్రైండరు స్విచ్ వేయకండి. నలుగురు పడుకునే గదిలో, మంచం పక్కన, వంటగది వెనక ఈ పని వద్దు. అదే బల్ల మీద ఇనుము గ్రైండ్ చేసి నిప్పురవ్వలు లేపకండి. పొడిని కంప్రెసర్ గాలితో ఊదకండి, ఇంటి వ్యాక్యూమ్ క్లీనరుతో లాగకండి, దాని మోటారులోనే నిప్పు పుడుతుంది. గాలి కొలవడానికి దాన్ని వాడేది హెడ్డు కడిగి, పొడి అంతా పోయాకే. పని మధ్యలో పడే పొడిని మెత్తని బ్రష్షుతో ఎత్తి, మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయండి. అంటుకుంటే నీళ్ళు పోయకూడదు, మండే అల్యూమినియం నీటి నుంచి హైడ్రోజన్ పుట్టిస్తుంది. పొడి ఇసుక నెమ్మదిగా కప్పాలి. ఖతార్‌లో ఇసుకకు కరువు లేదు, ఒక బకెట్టు పొడిగా నింపి పక్కన పెట్టుకోండి. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా ఎండలో బయటి పని చేయించకూడదని 2021 నుంచి ఇక్కడ నిబంధన ఉంది. అది కూలికి వెళ్ళినప్పుడు మన కోసం పెట్టినది. పెరట్లో సొంత పని చేసుకునేటప్పుడు కూడా ఆ వేళలకు షెడ్డు తలుపు వేసేయండి.

మళ్ళీ బిగించేటప్పుడు లోహం ఇంకో పరీక్ష పెడుతుంది. హెడ్డు పొడవు 70 సెంటీమీటర్లనుకుంటే, 80 డిగ్రీలు వేడెక్కేసరికి అల్యూమినియం సుమారు 1.3 మిల్లీమీటర్లు సాగుతుంది. కింద ఉన్న ఇనుప బ్లాకు అందులో సగమే. ఆ తేడా అంతా గ్యాస్కెట్ భరించాలి. అందుకే హెడ్డు ముఖం మీద స్టీలు బద్ద పెట్టి ఫీలర్ గేజ్‌తో వంకర చూడాలి, కంపెనీ మాన్యువల్ చెప్పిన హద్దు దాటితే ఫేసింగ్ కొట్టించాలి. బోల్టులు మధ్య నుంచి అంచులకు, చెప్పిన వరసలో, చెప్పిన టార్క్‌తో బిగించాలి. ఒక్కసారి వాడి పారేయమన్న రకం బోల్టులైతే కొత్తవే వేయాలి. అంతకంటే ముందు హెడ్డులో ప్రతి నూనె దారినీ సబ్బు నీళ్ళతో, సన్నని బ్రష్షుతో కడిగి ఆరబెట్టాలి. మిగిలిపోయిన ఒక్క తునక చాలు, నేరుగా క్యామ్ బేరింగ్‌లోకి పోతుంది.

ఇంజను స్టార్టయ్యాక మొదటి ఆయిల్‌ను త్వరగానే దించేసి, తెల్ల గుడ్డ మీద పోసి వెలుగులో చూడండి, మెరుపు తునకలు కనిపిస్తే ఫిల్టరు కోసి చూడండి. పొగ గొట్టంలోని కన్వర్టరును మాత్రం తీసేయకండి, ఏటా జరిగే ఫాహెస్ వాహన తనిఖీలో పొగ పరీక్ష ఉంటుంది. సీలైన్‌లో క్యాంపులు చలికాలానికి మొదలవుతాయి. ఆలోపు బండి సిద్ధంగా ఉండాలంటే సెప్టెంబరు ఆఖరులోనే హెడ్డు విప్పండి, మెషిన్ షాపుల్లో సీట్ల కోతకు అప్పుడే వరస తక్కువ ఉంటుంది.